తలుపు దగ్గర ఎవరూ లేరు

పోయిన చలికాలం సెలవు పెట్టి అమెరికాలో మా తమ్ముడింటికి వెళ్ళాను. వాడు ఉండేది టెన్నెసీ రాష్ట్రంలో, నాష్‌విల్‌లో. చలికి బయటికి రాలేక నేను రోజంతా ఇంట్లోనే కూర్చుంటున్నానని వాడికి బెంగ. "అక్కా, ఒక్క రోజు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి రా. నచ్చకపోతే మధ్యలోనే లేచి వచ్చేద్దాం" అని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మెమోరియల్ జిమ్‌కి తీసుకెళ్ళాడు.

ఆ హాలు చూడగానే నాకు మా ఊళ్ళో నాటకాలాడే స్టేజీ గుర్తొచ్చింది. 1952లో కట్టారు. ఆడే నేల చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా, అచ్చం రంగస్థలంలా ఉంటుంది. జట్లు కూర్చునే బెంచీలు అన్నిచోట్లా ఉన్నట్టు పక్కన కాకుండా రెండు చివర్లలో, బుట్టల వెనక ఉంటాయి. అంటే ఎత్తు మీద ఆడేవాళ్ళు ఆడుతుంటే కింద ముందు వరసల్లోవాళ్ళు తలెత్తి చూస్తుంటారు. ఆట నాకు సగమే అర్థమైంది. మధ్యలో 25 నంబరు గురించి ఏదో చెప్పుకుంటుంటే అదెవరిదని తమ్ముణ్ణి అడిగాను.

"పెర్రీ వాలెస్ అని, పాతకాలం ప్లేయర్. ఆయన నంబరు ఇంకెవరికీ ఇవ్వరు. తర్వాత లా ప్రొఫెసర్ అయ్యాడు. బయట రోడ్డుకి కూడా ఆయన పేరే పెట్టారు చూడు."

ఆటగాడు ప్రొఫెసర్ అయ్యాడన్న మాట నన్ను పట్టుకుంది. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మన దగ్గర గ్రౌండుకి వెళ్ళే పిల్లాడు వేరు, లైబ్రరీకి వెళ్ళే పిల్లాడు వేరు. ఆ రాత్రి ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. సెలవు అయిపోయేదాకా అదే పనైంది. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆయన ఎంత గొప్పవాడో చెప్పడానికి మాత్రమే కాదు. ఇలాంటి మనుషుల కథల్ని మనం చెప్పుకునే తీరులో ఒక పెద్ద తప్పుంది. ఆ తప్పు నేనూ చేశాను.

పెర్రీ వాలెస్ 1948 ఫిబ్రవరి 19న నాష్‌విల్‌లోనే పుట్టాడు. తండ్రిది ఇటుకల పని. తల్లి ఆఫీసుల్లో శుభ్రం చేసే పనికి వెళ్ళేది. నల్లజాతి పిల్లలకి వేరే బళ్ళు ఉన్న కాలం అది. ఆయన చదివింది పెర్ల్ హైస్కూల్లో. ట్రంపెట్ వాయించేవాడు, లెక్కల్లో దిట్ట, క్లాసులో ఫస్టు. ఆయనకి 12 ఏళ్ళ వయసులో, 1960లో, నాష్‌విల్ నడిబొడ్డున నల్లజాతి కాలేజీ విద్యార్థులు తమకి తిండి పెట్టని లంచ్ కౌంటర్ల ముందు కూర్చుని ఉద్యమం చేశారు. ఊరు అలా మారుతుండగా పెరిగిన పిల్లాడు. 1966లో టెన్నెసీలో మొదటిసారి తెల్ల బళ్ళూ నల్ల బళ్ళూ కలిసి రాష్ట్ర టోర్నమెంట్ ఆడితే కప్పు పెర్ల్ హైస్కూల్ గెలిచింది. ఆ ఏడాది వాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. గెలిచిన రోజు మార్చి 19. సరిగ్గా అదే రోజున టెక్సస్ వెస్టర్న్ అనే కాలేజీ ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళని దింపి, అందరూ తెల్లవాళ్ళే ఉన్న కెంటకీని జాతీయ ఫైనల్లో ఓడించింది.

దాంతో ఎక్కడెక్కడి కాలేజీలూ ఈ కుర్రాడి కోసం వచ్చాయి. ఆయన మనసు ఉత్తరాది మీద ఉండేది. దక్షిణాది నుంచి బయటపడితే చాలనుకున్న ఇల్లు అది. అయినా వాండర్‌బిల్ట్‌కి ఒప్పుకున్నాడు. ఇంజనీరింగ్ బాగుంటుంది, ఇంటికి దగ్గర అన్నవి రెండు కారణాలు. మూడోది నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. కోచ్ రాయ్ స్కినర్ ఇంటికొచ్చి వాళ్ళ అమ్మానాన్నల్ని "మిస్టర్ వాలెస్, మిసెస్ వాలెస్" అని పిలిచాడు. ఆ రోజుల్లో దక్షిణాదిన తెల్లవాళ్ళు ఎంత పెద్ద వయసు నల్లవాణ్ణయినా ఉత్త పేరుపెట్టి పిలిచేవాళ్ళు, లేదంటే "బాయ్" అనేవాళ్ళు.

మా నాన్న తాపీ మేస్త్రీ. ఊళ్ళో ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు కూడా "ఒరేయ్ మేస్త్రీ" అనేవాళ్ళు. ఆయనా "అయ్యా" అంటూ వెళ్ళేవాడు. నన్ను డిగ్రీలో చేర్చడానికి టౌనుకొచ్చినప్పుడు అడ్మిషన్లు చూస్తున్న లెక్చరరుగారు తలెత్తి, "కూర్చోండి. మీ అమ్మాయికి మార్కులు బాగా వచ్చాయండీ" అన్నారు. నాన్న కూర్చోలేదు. కండువా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మళ్ళీ చెప్తే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో సిమెంటు ఉంది. సంతకం పెట్టేటప్పుడు ఆ చేతిని దాచుకోవాలని చూశాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ సారు నన్ను అండీ అన్నాడే అమ్మాయ్" అన్నాడు. ఆ ఒక్క "అండీ" కోసం నన్ను ఆ కాలేజీలో ఎన్నేళ్ళయినా చదివించేవాడు. కాబట్టి వాలెస్ ఆ కోచ్‌ని ఎందుకు నమ్మాడో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గుమ్మం దగ్గర "అండీ" అనే మనిషి ఒకడుంటే చాలు, లోపలంతా అలాగే ఉంటుందని నమ్మేస్తాం. మా నాన్న కూడా అలాగే నమ్మాడు. తర్వాత హాస్టల్లో మూడేళ్ళు ఎలా గడిచాయో నేను ఆయనకి చెప్పలేదు. ఎవరైనా తిట్టారా అంటే, లేదు. కొట్టారా, లేదు. క్లాసులో నేను కూర్చున్న బెంచీ మీద ఎప్పుడూ చోటు మిగిలిపోయేది. అంతే.

1966లో వాలెస్‌తో పాటు డెట్రాయిట్ నుంచి గాడ్‌ఫ్రీ డిలార్డ్ అనే ఇంకో నల్లజాతి కుర్రాడు చేరాడు. అప్పట్లో మొదటి ఏడాది పిల్లలు పెద్ద జట్టులో ఆడకూడదన్నది రూలు. వాళ్ళకి వేరే జట్టు ఉండేది. వాండర్‌బిల్ట్ ఉన్నది సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో. అలబామా, మిసిసిపీ, జార్జియా లాంటి రాష్ట్రాల యూనివర్సిటీల కూటమి అది. ఆ కూటమి బాస్కెట్‌బాల్ జట్లలో అప్పటిదాకా నల్లజాతి ఆటగాడు లేడు. మిసిసిపీ యూనివర్సిటీ అయితే ఆ ఏడాది మొదటి ఏడాది పిల్లల మ్యాచ్‌నే రద్దు చేసుకుంది. అదే రాష్ట్రంలో స్టార్క్‌విల్ అనే ఊళ్ళో మిసిసిపీ స్టేట్‌తో మ్యాచ్ మాత్రం జరిగింది. జనం బూతులు తిట్టారు, చంపేస్తామన్నారు. హాఫ్ టైమ్‌లో ఇద్దరు పిల్లలూ లాకర్ రూమ్‌లో పక్కపక్కన కూర్చుని చేతులు పట్టుకున్నారు. 18, 19 ఏళ్ళ కుర్రాళ్ళు. ఇద్దరి చేతులూ చల్లబడిపోయి ఉన్నాయి.

తర్వాత డిలార్డ్ మోకాలికి దెబ్బ తగిలింది. పెద్ద జట్టులో ఆడకుండానే ఆ కాలేజీ వదిలి వెళ్ళిపోయాడు. (ఆయనా తర్వాత డెట్రాయిట్‌లో లాయరయ్యాడు.) పట్టుకోవడానికి పక్కన ఇక ఆ చెయ్యి కూడా లేదు.

చర్చి సంగతి ఒకటి చెప్పాలి. వాలెస్ భక్తి ఉన్న కుటుంబంలో పెరిగాడు. క్యాంపస్‌కి ఎదురుగా తమ శాఖకే చెందిన తెల్లవాళ్ళ చర్చి ఉంటే ఆదివారాలు అక్కడికి వెళ్ళేవాడు. కొన్ని వారాలు కాగానే పెద్దలు పక్కగదిలోకి పిలిచి, ఇక రావద్దన్నారు. నువ్వు వస్తే కొందరు తమ వీలునామాల్లోంచి చర్చి పేరు తీసేస్తామంటున్నారని చెప్పారు. కేకలు లేవు, గొడవ లేదు. ఆయన లేచి బయటికి నడిచాడు.

ఇక 1968 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో, ఆ మిసిసిపీ యూనివర్సిటీ కోర్టు మీదే ఒక మ్యాచ్ జరిగింది. మొదటి సగంలో ఒకడి మోచెయ్యి వాలెస్ కంటికి బలంగా తగిలింది. రక్తం కారింది. రెఫరీ ఫౌల్ ఇవ్వలేదు. జనం చప్పట్లు కొట్టారు. హాఫ్ టైమ్‌లో ట్రైనర్ కంటికి ఐసు పెడుతుండగానే ఆట మళ్ళీ మొదలయ్యే వేళయింది. జట్టంతా కోర్టు మీదికి వెళ్ళిపోయింది. కాసేపటికి వాలెస్ ఒక్కడే లేచి లాకర్ రూమ్ తలుపు దాకా వచ్చాడు. ఆ తలుపు దాటితే ఆ జనం మధ్యలోంచి నడవాలి. తలుపు అవతల మనవాళ్ళు ఎవరో ఒకరు తన కోసం నిలబడి ఉంటారనుకున్నాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు.

ఆయన ఒక్కడే నడిచాడు, ఆడాడు. వాండర్‌బిల్ట్ గెలిచింది.

ఈ కథ చెప్పేవాళ్ళలో చాలామంది ఈ చివరి వాక్యం పట్టుకుంటారు. చూశారా ఎంత మనోబలమో, రక్తం కారుతున్నా ఆడి గెలిపించాడు అంటారు. నాకు మాత్రం ఆ తలుపే కళ్ళ ముందు నిలబడింది. జట్టులో వాళ్ళు దుర్మార్గులు కాదు. వాళ్ళలో ఒక్కడు కూడా ఆయన్ని తిట్టినట్టు నేనెక్కడా చదవలేదు. ఆ రాత్రి గురించి ఎవరూ ఏమీ అనలేదు, అదీ విషయం. అప్పుడు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఏమనాలో తెలియలేదేమో. మాట్లాడితే ఆయనకింకా బాధ కలుగుతుందనుకున్నారేమో. మంచివాళ్ళు నోరు మూసుకుని ఉండిపోతే, అవతలి మనిషికి అది తిట్టు కంటే గట్టిగా వినిపిస్తుంది. ఎందుకంటే తిట్టు ఎవరిదో తెలుస్తుంది. మౌనం ఎవరిదని చెప్పగలం?

నాలుగేళ్ళు అలాగే ఆడాడు. ఆఖరి ఏడాది జట్టుకి కెప్టెన్. చదువేమో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఇంజనీరింగ్ మ్యాథమేటిక్స్. ఊళ్ళు తిరుగుతూ ఆడుతూ ఆ లెక్కలు ఎప్పుడు చేసేవాడో! నేను లెక్కలతో బతికే మనిషిని కాబట్టి నాకు అన్నిటి కంటే ఇదే ఆశ్చర్యం. ఆటలో ఆయన బలం డంక్. గాల్లోకి లేచి బంతిని పైనుంచి బుట్టలోకి కొట్టడం. 1967లో కాలేజీ ఆటల నుంచి డంక్‌ని నిషేధించారు. మళ్ళీ అనుమతించింది 1976లోనే. అంటే పెద్ద జట్టులో ఆడిన మూడేళ్ళూ తనకి బాగా వచ్చిన విద్యని పక్కన పెట్టి ఆడాడు. 1970 మార్చిలో తన కడపటి మ్యాచ్‌లో, అదీ స్టార్క్‌విల్‌లో తనని చంపుతామన్న మిసిసిపీ స్టేట్ మీద, ఆయన డంక్ చేశాడు. రూలు ప్రకారం చెల్లదు. కానీ పాయింట్లు ఇచ్చారు.

ఆ వసంతంలో విద్యార్థులు ఓటేసి కాలేజీలో మగపిల్లలకిచ్చే అతిపెద్ద గౌరవం ఆయనకిచ్చారు. ఇక్కడితో ఆపేస్తే కథ ఎంత బాగుంటుందో చూడండి. తిట్టినవాళ్ళ మీద గెలిచాడు, తనవాళ్ళు భుజాలకెత్తుకున్నారు, శుభం. కానీ ఆయన ఆపలేదు. చివరి మ్యాచ్ అయిన వెంటనే ఊరి పేపరు 'ది టెన్నెసియన్' విలేకరితో కూర్చుని, ఈ నాలుగేళ్ళూ తాను ఎంత ఒంటరిగా బతికాడో ఉన్నదున్నట్టు చెప్పాడు. చాలామంది తనతో కలవలేదని, జట్టు విజయాలకి పనికొచ్చాడు తప్ప మనిషిగా తనని ఎరిగినవాళ్ళు తక్కువని చెప్పాడు. కోపంగా కాదు, నెమ్మదిగా, ఆలోచించుకుని చెప్పాడు.

ఊరికి కోపమొచ్చింది. ఇంత చేస్తే విశ్వాసం లేదన్నారు. ఆయన నాష్‌విల్ వదిలి వెళ్ళిపోయాడు. పుట్టి పెరిగిన ఊరు. మళ్ళీ అక్కడ కాపురం ఉండలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. నాలుగేళ్ళ ఓర్పుకి ఆ ఊరు చప్పట్లు కొట్టింది. ఒక్క రోజు నిజం చెప్తే భరించలేకపోయింది. అంటే అన్నేళ్ళూ వాళ్ళు మెచ్చుకున్నది ఆయన ధైర్యాన్ని కాదు, ఆయన మాట్లాడకపోవడాన్ని. ఓర్పు అని మనం పొగిడేదాంట్లో ఎక్కువ భాగం మన సౌకర్యమే. వాడు నోరు తెరవలేదు కాబట్టి మనం ఏమీ చెయ్యక్కర్లేకపోయింది. నా లెక్కలో పెర్రీ వాలెస్ చేసిన అతిపెద్ద సాహసం ఆక్స్‌ఫర్డ్ కోర్టు మీద కాదు, ఆ విలేకరి ఎదురుగా కుర్చీలో కూర్చుని చేసింది. కోర్టు మీద భయపడినా ఆయన వెనక ఒక జట్టుంది, స్కోరుంది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు పోగొట్టుకోవడానికి సొంత ఊరు మొత్తం ఉంది, గెలవడానికి ఏమీ లేదు.

"కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయి, చూడండి ఆయన ప్రొఫెసర్ కాలేదా" అనేవాళ్ళకి ఇంకో పేరు చెప్తాను. వాలెస్ తర్వాత రెండేళ్ళకి అదే కూటమిలో ఆబర్న్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ మీద చేరిన మొదటి నల్లజాతి ఆటగాడు హెన్రీ హారిస్. 1974లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఒక మనిషి ప్రాణం ఎందుకు తీసుకున్నాడన్నది ఒక్క మాటలో తేల్చేది కాదు, నేను తేల్చను. కానీ అదే దారిలో నడిచిన ఇద్దరిలో నిలబడినవాణ్ణి మాత్రమే చూపించి, దారి మంచిదేనని అనకూడదు.

వాలెస్‌ని 1970లో ఎన్‌బీఏ (అమెరికాలో డబ్బుకి ఆడే పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) కొత్త ఆటగాళ్ళ ఎంపికలో ఫిలడెల్ఫియా జట్టు తీసుకుంది కానీ అక్కడ ఆయన ఆట సాగలేదు. 1975లో కొలంబియా లా స్కూల్లో పట్టా తీసుకున్నాడు. అమెరికా న్యాయశాఖలో లాయరుగా పనిచేశాడు. తర్వాత పంతులయ్యాడు. 1993 నుంచి వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ లా కాలేజీలో పర్యావరణ చట్టం, కంపెనీల చట్టం చెప్పాడు. 2017 డిసెంబర్ 1న, 69 ఏళ్ళ వయసులో చనిపోయేవరకు ఆ కాలేజీ మనిషే.

ఆ పాతికేళ్ళ గురించి ఎక్కువగా రాయరు. క్లాసు, పేపర్లు దిద్దడం, మళ్ళీ క్లాసు. అందులో వార్త ఏముంటుంది? పంతులు పని చేసేవాళ్ళకి మాత్రం తెలుస్తుంది. ప్రతి జూన్‌లో నలభై, యాభై కొత్త మొహాలు. అందులో ఒకడు వెనక బెంచీ చివర, ఎవరితోనూ కలవకుండా ఉంటాడు. వాణ్ణి ఒక్క చూపులో పోల్చుకోవాలంటే ఆ బెంచీ మీద ఒకప్పుడు మనమూ కూర్చుని ఉండాలి. ఇంజనీరు, ఆటగాడు, ప్రభుత్వ లాయరు, ఇన్ని కాగలిగిన మనిషి చివరికి క్లాసు గదినే ఎంచుకున్నాడంటే నాకు వింతగా లేదు. క్లాసులో తలుపు దగ్గర నిలబడేది పంతులే.

వాండర్‌బిల్ట్ ఆయన 25 నంబరు జెర్సీకి గౌరవం చేసింది 2004లో. చివరి మ్యాచ్ ఆడిన 34 ఏళ్ళకి. కానీ అంతకంటే ముందు, 1989లో, అక్కడే చదువుతున్న ఒక తెల్లజాతి కుర్రాడు క్లాసు పేపరు కోసం ఆయన్ని వెతికి పట్టుకుని అసలేం జరిగిందో చెప్పమని అడిగాడు. ఆయన చెప్పాడు. ఆ కుర్రాడు, ఆండ్రూ మారనిస్, దాన్ని వదల్లేదు. 2014లో అది వాలెస్ జీవితచరిత్రగా వచ్చింది. జెర్సీకి గౌరవం చేయడానికి పదిహేనేళ్ళ ముందే పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ పిల్లాడొకడు వచ్చి అడిగాడు. నాకు ఆ జెర్సీ కంటే ఈ అడగడమే విలువైనదిగా అనిపించింది.

ఇక నా తప్పు.

కొన్నేళ్ళ కింద, అప్పుడు నేను పనిచేస్తున్న కాలేజీలో ఒక పిల్లాడు చేరాడు. కొండ మీద గూడెం నుంచి డిగ్రీకి వచ్చిన మొదటివాడు. కబడ్డీ బాగా ఆడేవాడు. జిల్లా స్థాయిలో కాలేజీకి కప్పు తెచ్చాడు. కప్పుతో ఫోటో దిగినప్పుడు అందరూ వాడి భుజం మీద చెయ్యి వేశారు. ఫిజిక్స్ ల్యాబ్‌లో పిల్లల్ని ఇద్దరిద్దరిని జట్లు చేస్తాం. సోనోమీటర్ ప్రయోగానికి ఇద్దరుంటే సుఖం. ఒకరు శ్రుతిదండం రబ్బరు మీద కొట్టి పెట్టె మీద ఆనిస్తే, రెండోవాళ్ళు తీగ కింద బ్రిడ్జిని నెమ్మదిగా జరుపుతారు. సరైన పొడవు దగ్గరికి రాగానే తీగ మీద వేసిన చిన్న కాగితం ముక్క ఎగిరి పడుతుంది. ఈ పిల్లాడు ఒక్కడే చేసేవాడు. ఎడమ చేత్తో దండం ఆనించి, కుడి చేత్తో బ్రిడ్జి జరిపి, కాగితం పడేలోపు దండం మోత ఆగిపోతే మళ్ళీ కొట్టి, మళ్ళీ జరిపి. పక్కబల్ల దగ్గర ముగ్గురుండేవాళ్ళు. ల్యాబ్ ఇన్‌చార్జి నేనే. ఆ ముగ్గుర్నీ చూశాను, ఈ ఒక్కణ్ణీ చూశాను. ఎంత ఓపికో ఈ పిల్లాడికి అనుకుని రికార్డు మీద సంతకం పెట్టాను.

కాలేజీ వార్షికోత్సవంలో మైకులో వాణ్ణి పొగిడాను. "ఎన్ని కష్టాలున్నా ఏనాడూ నోరు తెరిచి ఒక్క మాట అనని పిల్లాడు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు తల దించుకుని కప్పు పుచ్చుకున్నాడు. సంక్రాంతికి ఇంటికెళ్ళి తిరిగి రాలేదు. రెండో ఏడాది సగంలో ఆగిపోయింది చదువు. ఇంట్లో ఇబ్బందులని రిజిస్టర్‌లో రాసుకున్నాం.

నాష్‌విల్‌లో ఆ లాకర్ రూమ్ తలుపు గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తిరిగొచ్చాక పాత కాలేజీలో తెలిసినవాళ్ళ ద్వారా వాడి నంబరు సంపాదించాను. ఫోన్ చేయడానికి నాలుగు రోజులు పట్టింది. టెన్షన్‌తో రెండుసార్లు నంబరు కొట్టి కట్ చేశాను. మూడోసారి ఎత్తాడు. గొంతు మారింది. టౌన్లో ఒక మెడికల్ షాపులో చేస్తున్నాడట, పెళ్ళయిందట.

"మేడమ్, మీరా! చెప్పండి మేడమ్" అన్నాడు.

"నేను చెప్పేది ఏమీ లేదు నాన్నా. అప్పుడు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రెండేళ్ళు కాలేజీలో నీకెలా ఉండేది?"

కాసేపు ఏమీ వినపడలేదు. కౌంటరు దగ్గర ఎవరో ఏదో మాత్రల పేరు అడుగుతున్నారు.

"ఇప్పుడా మేడమ్?"

"నీకు వీలైతే ఇప్పుడే."

"ఒక్క నిమిషం, పక్కకొస్తా" అన్నాడు. షట్టరు పక్కగా నడిచి వస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.